సిగ్నల్ అందే బండ

ఫోన్ అడిగే ప్రశ్నల్ని మా సెసోతోలోకి తెచ్చింది నేనే.
"అలసటగా ఉందా?" దగ్గరే
మూడు రోజులు ఆగిపోయాను.
మాసెచాబాని అడిగితే చేట పక్కన పెట్టి
ఏ అలసట, అంది.
గొర్రెబొచ్చు కత్తిరించిన సాయంత్రం వచ్చేదా,
కళ్ళు తెరవకముందే మీదెక్కి కూర్చునుండేదా?
రెండోదానికి మా దగ్గర పేరు లేదు.
"నేను లేచినా నాతో లేవనిది" అని రాశాను.
మసేరు ఆఫీసువాళ్ళు పొడుగైందన్నారు,
తెరమీద పట్టదన్నారు.
పట్టించాను, అక్షరాలు చిన్నవి చేసి.

పాదాల సంగతి ఇంకా కష్టం.
అరికాలి మంట నెత్తికెక్కడమంటే
కోపమొకటే అనుకునేదాన్ని.
ఆమె దుప్పటి అంచు తొలగించి చూపింది:
వాపు లేదు, పుండు లేదు,
మంచులో నిలబడినా మిరపగింజల మీద నడకే.
సున్నా నుంచి పదిలో ఎంత, అంటుంది ఫోన్.
పదంటే ఏమిటి, అంటుంది ఆమె.
మా ఆయన్ని పూడ్చిన రోజు పదా?
అయితే ఇది ఆరు.
కాదూ, కాన్పు పదంటావా,
అప్పుడు ఎనిమిది వేసుకో.

మొఖొట్లోంగ్ పైన ఒక్క బండ దగ్గరే సిగ్నల్.
కట్టెలకని ఆదివారం ఆదివారం వెళ్ళి
అక్కడ జవాబులు నొక్కేది.
మాత్ర వేళకి మోగే గంటకి
"మేకలు" అని పేరు పెట్టుకుంది.
గంట మోగుతుంది. మేకలు, అంటుంది అత్తగారు.
కోడలు లేచి వెళ్ళి, నీళ్ళు తాగి వస్తుంది.
ఆ ఇంట్లో మేకల్ని అమ్మేసి రెండేళ్ళు.
అత్తగారికి తెలియదని
నేనైతే ఒట్టు వెయ్యను.

చలికాలం నడిమికి డాక్టర్ నుంచి కబురు.
గ్రాఫ్ కుదరడం లేదట.
ఈ మనిషికి ఒక వారం పాదాల మంట,
మరో వారం రాత్రంతా పీడకలలు,
ఇంకో వారం సంకటి వాసనకే వాంతి.
బరువు చూస్తే నెలలో
పదకొండు కిలోలు పెరిగి, మళ్ళీ తగ్గింది.
యంత్రం తప్పో మనిషి తప్పో
వెళ్ళి చూడమన్నారు.

అరువు గుర్రం మీద వెళ్ళాను.
బండ చాటున నాలుగు కట్టెల మోపులు,
ముక్కుదాకా దుప్పట్లు కప్పుకున్న నలుగురు ఆడవాళ్ళు,
నడుమ ఒక్క ఫోన్,
చలికి దాన్నే కాచుకుంటున్నట్టు.
మాసెచాబా. నేనెరగని ఇద్దరు.
నాలుగో ఆమె మా లిసెబో పిన్ని.

మా ఇంట్లో ఏ పెళ్ళికైనా మొదటి పాట ఎత్తేది తనే.
ముఖం దాచుకుంటుందనుకున్నాను.
దుప్పటి గడ్డం కిందికి లాగి,
ఆ పీడకలలు నావి, అంది.
వాంతి నాది, అంది ఇంకొకామె
చిన్నపిల్ల బడిలో చెయ్యెత్తినట్టు.

ఇలా కాదు, అన్నాను.
నలుగురికి నాలుగు పేర్లు ఉండాలి,
లేకపోతే ఒకరి నొప్పికి
ఇంకొకరి మందు మారుస్తారు.
ఫోన్ ఒకటే కదే, అంది పిన్ని.
మిగతా మూడూ మగాళ్ళ జేబుల్లో ఉన్నాయి.

చివరి ప్రశ్న వరుసగా ఐదు ముఖాలు.
ఈ రోజు ఎలా ఉన్నావు?
నాలుగు నెలలుగా నవ్వే ముఖమే నొక్కుతున్నారట.
ఎందుకంటే
ఏడ్చేదాన్ని నొక్కితే ఇంకా ఆరు ప్రశ్నలొస్తాయి,
చార్జింగు అంతదాకా రాదు.

ఆ ఆరు ప్రశ్నలు రాసింది నేనే.

నాలుగు శాతం, మూడు, తెర నల్లబడింది.
సరే, నోటితో చెప్పండి, అని పెన్ను తీశాను.
కాగితం లేదు. ముంజేతి మీద మొదలుపెట్టాను,
ముందు పిన్నివి.
కలలో ఏమొస్తుందని ఫోన్ ఎప్పుడూ అడగలేదట.
నేనూ ఆ ప్రశ్న పెట్టలేదు.
ఇప్పుడు అడిగితే
మోచేయి దాకా వచ్చినా ఆమె ఇంకా చెబుతూనే ఉంది.

దిగువకి వచ్చేసరికి మంచు తడికి సగం చెరిగింది.
మంట ఎవరిదో చదవగలను.
వాంతి ఎవరిదో, ఆ పిల్ల పేరేమిటో
ఆదివారం మళ్ళీ అడగాలి.